ట్యాంకు లోపలి వంపు

2025 ఆగస్టు 4, సోమవారం

ఫణిభూషణ్ సార్ ఒప్పుకున్నడు! మూడు నెలల సంది చెవుల పోరుతున్న, ఇయ్యాల ఒప్పుకున్నడు. కుమార్ రేసు కారుకు డ్రై సంప్ బయటికెళ్లి తెప్పియ్యం, మా మేడ్చల్ షెడ్డులనే చేస్తం. పంపు పరమేష్ కాక చేస్తడు. ట్యాంకు, పైపులు, ఇంజను కింది పళ్లెం నా పని. సెప్టెంబరు ఆఖరుకు కోయంబత్తూరుల రేసు.

సార్ ఒక్క మాటన్నడు. "రెబెక్కా, ఇది కుదిరితే మన షెడ్డుకు పేరొస్తుంది. కుదరకపోతే ఇంజన్ల పని మూసేస్తాను. సైలెన్సర్లు అతుక్కుంటూ కూర్చుందాం."

కుదురుతది సార్ అన్న. ఎందుకు కుదరది? డ్రాయింగ్ నేనే గీసిన. పన్నెండేండ్ల సంది వెల్డింగు చేస్తున్న, ఇంజన్లు విప్పుతున్న, బిగిస్తున్న.

కాక మాత్రం డ్రాయింగు దిక్కు శానాసేపు చూసిండు. "నాలుగు గదుల పంపా బిడ్డా" అన్నడు. అవును కాకా, మూడు గదులు గుంజుతయి, ఒకటి పంపుతది అన్న. తలకాయ ఊపిండు. ఇగ రేపటిసంది లేత్ మిషిన్ మీద వేరే పని పెట్టుకోడంట.

ఆగస్టు 7, గురువారం

అమ్మ అడిగింది, గింత రంధి పడుతున్నవు, ఏందది అని. అన్నం తినుకుంట చెప్పిన. బస్సు మలుపు తిరుగుతుంటే చేతుల చాయ్ గిలాస ఎట్ల ఒక దిక్కుకు ఒరుగుతదో, ఇంజను కింద ఆయిల్ గూడ గట్లనే ఒరుగుతది. మామూలు కారుకు ఏం కాదు. రేసు కారు మలుపుల మస్తు జోరు మీద ఉంటది. ఆయిల్ అంత ఒక పక్కకు పోతే పంపు నోట్లకు గాలొస్తది. రెండు నిమిషాలల్ల బేరింగులు మాడిపోతయి. గందుకే ఆయిల్‌ను ఇంజను కింద ఉండనియ్యం. పడ్డది పడ్డట్టు గుంజి వేరే ట్యాంకుల పోస్తం. ఆడికెళ్లి పంపుల ఇంకో గది మల్ల ఇంజనుకు ఇస్తది. గిదే డ్రై సంప్.

"మరి ఆ ట్యాంకుల ఒరగదా?" అన్నది.

అమ్మ ఐదో తరగతి దాకనే సదివింది. సార్ గూడ అడగలే గా మాట. ట్యాంకు ఎత్తుగ, సన్నగ ఉంటదమ్మా, పైనుంచి వచ్చే ఆయిల్ గోడ వెంబడి సుడి తిరుక్కుంట దిగుతది, తిరిగే కొద్దీ దాంట్ల కలిసిన గాలి విడిపోతది, అడుగున ఉత్త ఆయిల్ మిగులుతది అని చెప్పిన.

"దేవుడు నీకు మంచి బుర్ర ఇచ్చిండు, ఆదివారం గుడికి మాత్రం రావు" అన్నది.

ఆగస్టు 9, శనివారం

పొద్దుటిసంది ట్యాంకు మీదనే. లోపల పైపు చివరకు వంపు ముక్క ఉండాలె, ఆయిల్‌ను గోడ దిక్కు మలిపేది. అది కిందున్న తూట్ల జాలీ ప్లేటుకు తగులుతాంది. ప్లేటు దించితే మూత కూసుంటలేదు. రెండుసార్లు కోసి రెండుసార్లు అతికిన. నడుమల కుమార్ నాలుగుసార్లు ఫోను. రేపు పొద్దున టెస్టు, రేపు పొద్దున టెస్టు. తెలుసు నాకు!

వంపు ముక్క కోసేసిన. పైపు నిటారుగ కిందికే పెట్టిన. మూత వెల్డు కొట్టేసిన.

ఏం కాదు. జాలీ ఉంది గదా. సుడి తిరుగకున్నా గాలి జాలీ కాడ విడిపోతది. రేసు అయినంక తీరుబాటుగ ఇంకో ట్యాంకు చేస్త.

వెల్డు మాత్రం మంచిగొచ్చింది. కాక వేలు పెట్టి చూసి "పూలదండ లెక్కున్నది బిడ్డా" అన్నడు.

ఆగస్టు 10, ఆదివారం

ఇంజను పోయింది.

ఆగస్టు 11, సోమవారం

నిన్న రాయబుద్ది కాలే. ఇయ్యాల రాస్త.

శామీర్‌పేట దాటినంక కరీంనగర్ రోడ్డుకు లోపల ఒక ప్లాట్ల వెంచరున్నది. సిమెంటు రోడ్లు వేసిండ్రు, ఇండ్లు ఇంకా లేవు. నడుమల పెద్ద సర్కిల్. దాని సుట్టు తిరిగితే ఎంతసేపైనా మలుపే. టెస్టుకు గంతకన్న మంచి జాగ దొరకది. వాచ్‌మన్ అంజయ్య బర్లను పక్కకు తోలి దారిచ్చిండు.

కుమార్ తిరుగుడు మొదలుపెట్టిండు. మొదటి నాలుగు సుట్లు బంగారం లెక్క పోయింది. నేను చేతులు కట్టుకొని నిలబడ్డ, గర్వంగనే నిలబడ్డ, ఎందుకు అబద్ధం రాయాలె. ఐదో సుట్టుల లోపల్నుంచి టకటకమని చప్పుడు. ఆపు, ఆపు అని ఉరికిన. కుమార్‌కు హెల్మెట్‌ల ఇనబడలే. ఇంకో సగం సుట్టు తిరిగినంక ఇంజనే ఆగింది. కుమార్ దిగి రోడ్డు మీదనే కూసుంటే, పక్కన కూసొని నేను గూడ ఏడ్చిన.

ఇయ్యాల విప్పినం. బేరింగుల మీద పూత అంత పోయి రాగి కనబడుతాంది. అంటే ఆయిల్ అందలే. కుమార్ షెడ్డు గడప మీద కూసొని తల పట్టుకున్నడు. రెండేండ్ల సంది ఆఫీసు పని చేసుకుంట, శని ఆదివారాలు మాతోని ఉండి కూడబెట్టుకున్న ఇంజను అది.

సార్ అడిగిండు. "ఎక్కడ పొరపాటు?"

పంపుల గావచ్చు సార్, గేర్లకు గోడకు నడుమ సందు ఎక్కువుండొచ్చు అన్న.

ఉండొచ్చు అన్న, ఉన్నది అనలే. కాక పంపు విప్పి మైక్రోమీటర్ తీసిండు. మూడుసార్లు కొలిచిండు. "నా లెక్కకైతే సరిగనే ఉన్నది. ఐనా మల్ల కోస్త" అన్నడు.

కొత్త గేర్లు కోస్తె మంచిదే. పంపు మొదటిసారి చేస్తుండు గదా, తప్పు పోవచ్చు. ఎవలకైనా పోవచ్చు.

ఆగస్టు 16, శనివారం

కుమార్ పాత ఇంజను ఒకటి పట్టుకొచ్చిండు, దాన్ని తయారుచేస్తున్నం. ఈసారి ప్రెషర్ గేజ్ ముల్లు పడిపోతే ఎర్రలైటు వెలిగేటట్టు పెట్టిన. పంపు మీద అనుమానం ఉన్నప్పుడు గిసొంటివి ముందే పెట్టుకోవాలె.

కాక మొన్నటిసంది చాయ్‌కు గూడ బయటికొస్తలేడు.

ఆగస్టు 24, ఆదివారం

మల్ల గదే.

నలభై సెకన్ల దాక ముల్లు నిలబడ్డది. అటెన్క మెల్లగ పడ్డది, ఎర్రలైటు వెలిగింది. కుమార్ బందు చేసిండు. ఇంజను బతికింది. సర్కిల్‌ను కుడికి తిరిగినా గంతే, ఎడమకు తిరిగినా గంతే. నలభై సెకన్లు.

ఎడమకు, కుడికి ఒక్కతీరుగ పడుతుందంటే కింది పళ్లెంల తప్పు లేనట్టు. పళ్లెంల తప్పుంటే ఒక దిక్కే పడాలె. మిగిలింది పంపే.

కాక కారు పక్కన మోకాళ్ల మీద కూసున్నడు. "బిడ్డా, కొత్త గేర్లు గూడ నేను రెండుసార్లు కొలిచిన. ట్యాంకుల ఆయిల్ ఎట్ల దిగుతుందో సూసినవా?"

చూసిన కాకా అన్న. కాక అట్లనే నా దిక్కు చూస్తుండు. ఎండ. కుమార్ ఇంటుండు, సార్ ఇంటుండు, అంజయ్య ఇంటుండు. మల్ల అన్న, "కాకా, మీకు మొన్ననే కన్ను ఆపరేషనైంది గదా. ఒక గీత అటో ఇటో కనబడొచ్చు."

కాక లేచి మోకాళ్ల మట్టి దులుపుకున్నడు.

నేనన్నది అబద్ధమా? మార్చిల ఆపరేషనైంది. శుక్లం తీసిండ్రు. అద్దాలు మారినయి. గిది అందరికి ఎరుకున్న సంగతే. దాపెట్టేదేమున్నది దాంట్ల.

ఆగస్టు 25, సోమవారం

చూసిన కాకా అని ఎందుకన్న? చూడలే గదా.

రేపు చూస్త.

ఆగస్టు 26, మంగళవారం

కాక లోపల గేర్లు కోస్తుండు, మూడోసారి. సార్ బ్యాంకు పని మీద పోయిండు. కారుకున్న పాత పంపుతోనే ఇంజను రెండు నిమిషాలు నడిపి, బందు చేసిన ఎంబడే ట్యాంకు బిరడ తీసి టార్చి కొట్టిన.

నురుగు. మూతి దాక నురుగే. బర్రె పాలు అప్పుడే పిండినట్టు.

గుడ్డతోని తుడిచి బిరడ పెట్టిన. పావుగంట అయినంక మల్ల తీసి చూస్తె దిగిపోయి ఉన్నది, అడుగున నల్లగ నున్నగ ఆయిల్.

ఆయిల్ పాతదైంది గావచ్చు. పాత ఆయిల్ నురుగొస్తది. మారుస్త.

ఆగస్టు 28, గురువారం

నిన్న వినాయక చవితి, షెడ్డు బందు. ఇయ్యాల ఆయిల్ మార్చిన. కొత్తది పోసిన. నడిపి చూడలే, కారుకున్న పంపు కాక విప్పుకపోయిండు గదా.

కాకతోని మాట్లాడాలె అనుకున్న. ఏం మాట్లాడాలె? పని మీదుండు.

సెప్టెంబరు 3, బుధవారం

కాక గేర్లు కోసుడు ఇయ్యాల అయిపోయింది. ఒక్కొక్క గేరు కిటికీ కాడికి పట్టుకపోయి ఎండల తిప్పుకుంట చూస్తుండు. మల్ల లోపలికొచ్చి ట్యూబ్‌లైటు కింద చూస్తుండు. ఎన్కట గిట్ల చూసెటోడు గాదు. వేళ్లతోని అట్ల నిమిరి, అయిపోయింది తీస్కపో అనెటోడు.

నాకు చికాకయింది. కాకా, జల్ది గానియ్యి అన్న. చికాకు ఎవల మీదనో ఎరుకలేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

నలభై రెండు సెకన్లు.

సెప్టెంబరు 8, సోమవారం

సార్ అందరిని పిలిచిండు. అందరంటే నేను, కాక, కుమార్.

"ఇక మన పంపుతో కాదు. చెన్నైలో నా స్నేహితుడి దగ్గర బయటి దేశం పంపు ఒకటుంది. వారం రోజులకు అడిగి తెస్తాను. పరమేష్, నీ తప్పు కాదయ్యా, మన మిషిన్లు పాతవి" అన్నడు. సార్ మంచితనం గట్లనే ఉంటది.

కాక అన్నడు, "మిషిన్ పాతది గాదు సార్. నా చేతులే పాతయినయి. ముప్పై రెండేండ్లు చేసిన. సాలు."

సార్ ఎంత చెప్పినా ఇనలే. బట్టలు మార్చుకొని, టీవీఎస్ బండి తీసి, శామీర్‌పేట దిక్కు పోయిండు. నాతోని ఒక్కటే మాటన్నడు, "డ్రాయింగు మంచిగ గీసినవ్ బిడ్డా. నాకే అందలే."

నేను నిలబడ్డ. గప్పుడు చెప్పొచ్చు. గేటు దాటక ముందు చెప్పొచ్చు. బండి స్టార్టు కాక నాలుగుసార్లు తన్నిండు, గంతసేపున్నది టైము.

సెప్టెంబరు 9, మంగళవారం

నురుగు ఆయిల్‌ది గాదు అని నాకు ఎరుకనా? ఖరారుగ ఎరుకలేదు. చెన్నై పంపు వస్తె తేలుతది. దానితోని ముల్లు నిలబడితే నాది తప్పు లేనట్టే.

నిలబడాలె. యేసయ్యా, నిలబడాలె.

సెప్టెంబరు 14, ఆదివారం

చెన్నై పంపు నలభై నాలుగు సెకన్లు.

కుమార్ కారు దిగి నవ్విండు! నవ్వి, "ఐతే పంపుది కాదన్నా సమస్య! పరమేష్ కాక పంపు మంచిదే!" అన్నడు సార్‌తోని. సార్ నా దిక్కు చూసిండు. "మరి ఇంకేముంటుంది రెబెక్కా?"

పైపులు సార్ అన్న. వేడికి పైపు లోపల రబ్బరు ముడుసుకుంటుందేమో.

పైపులు అన్న నేను. ఇంకా పైపులు అన్న.

సెప్టెంబరు 15, సోమవారం

పైపులు మారుస్తున్న. పొద్దుటిసంది మంచి పైపులు విప్పి మంచి పైపులు బిగిస్తున్న.

సెప్టెంబరు 16, మంగళవారం

మధ్యాహ్నం ఫోను. బుచ్చవ్వ, కాక భార్య. ఎన్నడు చెయ్యది.

"బిడ్డా, షెడ్డుల ఏమైందో మీ కాక చెప్తలేడు. గడపల కూసొని సూదిల దారం ఎక్కిస్తుండు. ఎక్కించి మల్ల తీస్తుండు. మల్ల ఎక్కిస్తుండు. పొద్దుందాక గదే పని. ఏందయ్యా అంటె, కన్ను కనబడుతుందో లేదో సూస్తున్న అంటుండు. ఎక్కుతున్నది బిడ్డా దారం, ఎక్కినా నమ్ముతలేడు. మొన్న నన్ను తీస్కొని దవాఖానకు గూడ పోయిండు. నువ్వొకసారి వచ్చి జర చెప్పరాదు? నీ మాట ఇంటడు."

వస్త అవ్వా అన్న.

ఫోను పెట్టినంక షెడ్డు ఎనుక నల్లా కాడికి పోయి ముఖం కడుక్కున్న. మల్ల కడుక్కున్న. సార్ పిలుస్తుంటే పలకలే.

సెప్టెంబరు 17, బుధవారం

పొద్దున్నే మచ్చ బొల్లారంల మా ఇంటి నుంచి సక్కగ శామీర్‌పేటల కాక ఇంటికే పోయిన. స్కూటీ మీద ఏమేం చెప్పాలె, ఎట్ల మొదలువెట్టాలె అని దారిపొడుగున అనుకుంట పోయిన. ఆడికి పోయినంక ఒక్కటి గుర్తు లేదు.

కాక తమ్ముడు చెరువుల చేపలు పడతడు. వాకిట్ల వల పరిచి కాక దాన్ని అతుకుతుండు. నన్ను చూసి బుచ్చవ్వ కుర్చీ ఏసింది. కూసోలే.

"కాకా, తప్పు పంపుది గాదు. నాది."

వల మీదకెళ్లి తల ఎత్తలే. "పంపు నేను చేసిన. నీదెట్లయితది?"

"ట్యాంకుల పైపు చివరకు వంపు ముక్క ఉండాలె. ఆయిల్ గోడ వెంబడి తిరుక్కుంట దిగడానికి. అది జాలీకి తగులుతుంటే కోసేసిన. ఆయిల్ నేరుగ కింద దుంకుతాంది. నురుగైతాంది. మీ పంపు ఆ నురుగును పంపుతాంది. చెన్నై పంపు పెట్టినా గంతే అయింది. ఏ పంపు పెట్టినా గంతే అయితది."

ఇప్పుడు తల ఎత్తిండు. "ఎన్నడు కోసినవ్?"

"మొదటి టెస్టుకు ముందటి దినం. మీరు వెల్డు చూసి మంచిగున్నది అన్నరు సూడుండ్రి, గా దినమే."

"అంటే నేను గేర్లు మల్ల మల్ల కోస్తుంటే నీకెరుకనే."

మొదటిసారి ఎరుకలేదు కాకా అన్న. రెండోసారి అనుమానం. మూడోసారి... ఆగిన. కాక ఎదురుచూస్తుండు. మూడోసారి ఎరుకనే అన్న. ట్యాంకు తెరిసి నురుగు చూసి మూత పెట్టిన అన్న.

కాక వేళ్లకు సుట్టుకున్న దారం విప్పుకుంటుండు. బుచ్చవ్వ గిలాసల నీళ్లు పట్టుకొని అట్లనే నిలబడ్డది.

"కంటి డాక్టరు కాడికి మల్ల పోయిన" అన్నడు కాక. "కన్ను బంగారం లెక్కున్నది అన్నడు. నమ్మలే నేను. డాక్టరు నా మనసు కోసరం అబద్ధం ఆడుతుండు అనుకున్న. నువ్వు ఆడవు అనుకున్న."

కాకా, నన్ను ఏమన్నా అనుండ్రి అన్న.

"నేనేమంట? నా ముందట ఒప్పుకుంటే ఏమొస్తది? ఎవలెవల ముందట నా కన్ను మాట ఎత్తినవో వాళ్ల ముందట చెప్పు. పో."

బుచ్చవ్వ గిలాస కింద పెట్టి లోపలికి పోయింది. ఆమె నన్ను చూడలే.

సెప్టెంబరు 18, గురువారం

చెప్పిన.

సార్‌కు, కుమార్‌కు. అంజయ్యకు గూడ ఫోను చేసిన. ఆయన ముందట గూడ అన్న గదా. అంజయ్యకు ముందు అర్థం కాలే, "గదేందమ్మా, నాకెందుకు చెప్తున్నవ్" అన్నడు. పరమేష్ కాక కన్ను మంచిగున్నది, నేనే తప్పు చెప్పిన అన్న. "మంచిదమ్మా, మంచిదమ్మా" అన్నడు. బర్రెలు అరుస్తున్నయి ఎనుక.

సార్ అరవలే. అరిస్తె బాగుండేది. "గ్రైండర్ తీసుకురా" అన్నడు.

ట్యాంకును నా చేతనే కోయించిండు. పూలదండ లెక్కున్న వెల్డు మీదికెళ్లే కోసిన. మూత ఊడొచ్చింది. పైపు నిటారుగ, పొట్టిగ, వంపు కోసేసిన కాడ గరుకుగ ఉన్నది. ఆ గరుకు గూడ నున్నగ చెయ్యలే నేను గా దినం. సార్ దాని మీద వేలు పెట్టి చూసిండు.

కుమార్ అడిగిండు. "అక్కా, నా ఇంజను పోయిన దినం నువ్వు నా పక్కన కూసొని ఏడ్చినవ్. గప్పుడు గూడ ఎరుకనేనా?"

"గప్పుడు ఎరుకలేదు కుమార్."

"నమ్మాల్నా?"

నిజమే చెప్పిన, ఐనా నమ్మమని అడిగే ముఖం లేదు. కుమార్ బయటికి పోయి కారు అద్దం తుడుచుకుంట నిలబడ్డడు.

సార్ అన్నడు, "శనివారానికి కొత్త ట్యాంకు కావాలి. చేసి ఇవ్వు. తర్వాత నీ సంగతి మాట్లాడదాం."

సెప్టెంబరు 19, శుక్రవారం

ట్యాంకు రెండు అంగుళాలు ఎత్తు పెంచిన. గంతే. రెండు అంగుళాలు పెంచితే వంపు ముక్క జాలీకి తగులది. సీటు ఎనుక జాగ గూడ సరిపోయింది. గా దినం కొలిచి చూసుకుంటె గంటసేపటి పని.

గంటసేపు.

సెప్టెంబరు 20, శనివారం

మూత బిగియ్యక ముందట సార్‌ను, కుమార్‌ను పిలిచి లోపల చూపించిన. నీళ్లు పోసి చూపించిన. గోడ పట్టుకొని సుడి తిరుక్కుంట దిగినయి. కుమార్ రెండుసార్లు పోయించిండు.

ఏ పంపు పెడదాం అని సార్ అడిగిండు. కాక మూడోసారి చేసింది పెడదాం సార్ అన్న. సార్ కాకకు ఫోను చేసిండు. ఎత్తలే. రేపు పొద్దున ఏడింటికి టెస్టు అని మెసేజ్ పెట్టిండు.

సెప్టెంబరు 21, ఆదివారం

ఏడున్నరకు కారు దించుతుంటే సర్కిల్ అవతల టీవీఎస్ బండి ఆగింది. కాక. బండి దిగకుండ, ఒక కాలు కింద పెట్టి కూసున్నడు. అంజయ్య పోయి పక్కన నిలబడ్డడు. నేను పోలే.

కుమార్ తిరుగుతుండు. సార్ చేతుల ఫోను, దాంట్ల టైము. ముప్పై. నలభై. నలభై ఐదు. నేను కండ్లు మూసుకున్న. ఇంజను చప్పుడు తప్ప ఏం ఇనబడలే. నిమిషం, అన్నడు సార్. ఎర్రలైటు లేదు. రెండు నిమిషాలు. కుడికి తిరిగిండు, ఎడమకు తిరిగిండు. నాలుగు నిమిషాలైనంక సార్ చెయ్యి ఊపితే గాని ఆగలే.

ముల్లు కదలలే అన్నడు కుమార్, హెల్మెట్ తీసుకుంట. మల్లమల్ల అన్నడు. కదలలే, కదలలే.

గప్పుడు కాక బండి దిగి వచ్చిండు. నన్ను దాటుకుంట పోయి కారు ఎనుక వంగి పంపు మీద అరచెయ్యి పెట్టిండు. కాలుతుంటది. ఐనా తియ్యలే. ఇంజను నడిపియ్యమని కుమార్‌కు సైగ చేసిండు, చెయ్యి అట్లనే పెట్టి ఇన్నడు. మల్ల బందు చేయించిండు.

"రెండోసారి చేసినయి గూడ గిట్లనే ఉండె సార్" అన్నడు. "మొదటియి గూడ."

"తెలుసు పరమేష్" అన్నడు సార్. "ఇప్పుడు తెలుసు."

కాక బండెక్కి పోయిండు. బండి ఒక్క తన్నుకే స్టార్టయింది.

సెప్టెంబరు 22, సోమవారం

సార్ నా సంగతి తేల్చిండు. పనిల ఉండొచ్చు. కాని నేను వెల్డు చేసిన ఏ వస్తువు గూడ ఇంకో మనిషి లోపల చూడకుంట మూత బిగియ్యొద్దు. కుమార్ కోయంబత్తూరుకు నన్ను రావద్దన్నడు. ఇంజను మీద చెయ్యి గూడ పెట్టొద్దన్నడు.

సరే అన్న.

ఇంటికొచ్చి అమ్మకు అంత చెప్పిన. నువ్వు ట్యాంకు గురించి అడిగినవు సూడు, గాడనే తప్పు చేసిన అన్న. అమ్మ ప్రార్థన చేస్తదనుకున్న. చెయ్యలే. "పరమేష్ భార్య ముఖం ఎట్ల చూస్తవ్ ఇగ" అన్నది. నాకు ఎరుకలేదు అన్న.

సెప్టెంబరు 28, ఆదివారం

సార్ ఫోను. కుమార్ ఏడో నంబరుల వచ్చిండంట. ఆఖరు సుట్టుల ఎవలో గుద్దిండ్రు, లేకుంటే ఐదు. ఇంజను మంచిగున్నది. ముల్లు పడలే.

సంతోషం కాలే. బాధ గూడ కాలే. షెడ్డు ఊడ్సిన.

అక్టోబరు 6, సోమవారం

దసరా అయినంక ఇయ్యాల షెడ్డు తెరిసినం. ఎనిమిది కాకముందే కాక బండి చప్పుడు.

సార్ పోయి పిలిచినట్టున్నడు, లేకుంటే కుమార్ పోయిండో. నాకెవలు చెప్పలే. కాక బట్టలు మార్చుకున్నడు. లేత్ మిషిన్ మీద నెల దినాల దుమ్ము తుడిచిండు. సార్‌తోని అంటుంటే ఇన్న: "వస్త సార్. గని ట్యాంకులు నేను సూసినంకనే మూత పడాలె. ఇంకెవల మాట మీద గాదు."

నేను షెడ్డుకు కొత్తగొచ్చిన ఇంకో రేసు కారు ట్యాంకు కింది అతుకు కొడుతున్న. కాక వచ్చి పక్కన నిలబడ్డడు. అద్దాలు సవరించుకొని, అతుకు వెంబడి వేలు మొదటికెళ్లి ఆఖరు దాక పోనిచ్చిండు. ఒక కాడ ఆపిండు.

"గీడ సూదిమొనంత తొర్రున్నది."

వంగి చూసిన. నాకు కనబడలే. లైటు దగ్గరికి తెచ్చి చూసిన. ఉన్నది.

"కోసి మల్ల కొట్టు" అన్నడు. బిడ్డా అనలే.

కోసిన. మల్ల కొట్టిన. పిలిచి చూపించిన. ఇంకోసారి కొట్టమన్నడు. కొట్టిన. మధ్యాహ్నం దాక నాలుగుసార్లు అయింది. నాలుగోసారి వేలు తీసి తన మిషిన్ కాడికి పోయిండు. మూత బిగియ్యాల్నా కాకా అని అడిగిన.

"లోపల సూపెట్టు ముందు" అన్నడు.

టార్చి పట్టుకొని పోయిన.